వేపమండ కట్టకముందే

రాజ్‌భవన్‌ను ఆనుకుని ఎం.ఎస్. మక్తా ఉంటుంది. గోడల నిండా రంగుల బొమ్మలు, ఇరుకు సందులు, ఒక్కో గదిలో ఐదారుగురు. అక్కణ్ణించి కాస్త నడిస్తే సోమాజిగూడ అపార్ట్‌మెంట్లు. ఈ సంవాదంలో ఒకరు ఆ బస్తీలో ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం. రెండోవారు తెనాలి నుంచి వచ్చి ఏళ్ల తరబడి సోమాజిగూడలోనే ఉంటున్న రిటైరైన లెక్చరరు. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులు. వాదనలు మాత్రం కల్పితం కాదు. ఖైరతాబాద్ నుంచి అమీర్‌పేట దాకా తట్టు టీకా మాట ఎక్కడ ఎత్తినా ఇవే వినిపిస్తాయి. లెక్చరరు గారిని మూర్ఖుడిగా చూపించి వాదన గెలవడం సులువు. ఆయన మూర్ఖుడు కాదు. చదువుకున్నవాడు, లోకం చూసినవాడు, ప్రశ్న అడగడం తెలిసినవాడు. అలాంటివాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పకుండా గోడలకు పోస్టర్లు అంటించి ఊరుకోవడం వల్లే చాలా నష్టం జరిగిందని నా నమ్మకం.

ఏఎన్ఎం చేతిలో పేర్ల జాబితా ఉంది. ఆయన మనవడి పేరుకు ఎదురుగా ఒక గడి ఖాళీగా ఉంది.

ఏఎన్ఎం: నమస్తే సార్. బాబుకు 17 నెలలు నిండినయ్. తట్టు టీకా, ఎంఆర్ రెండో డోసు ఇంక పడలే. బుధవారం తీసుకొస్తరా?

లెక్చరరు: తొమ్మిదో నెలలో ఒకటి వేయించాం కదమ్మా. అది పనిచేస్తే రెండోది అక్కర్లేదు. పనిచెయ్యకపోతే అదే మందు మళ్లీ ఎందుకు?

ఏఎన్ఎం: మంచిగ అడిగిన్రు సార్. బిడ్డ కడుపుల ఉన్నప్పుడే తల్లి నుంచి కొంత రక్షణ వస్తది. పుట్టినంక కొన్ని నెలలు ఉంటది. అది ఉన్నప్పుడు టీకా వేస్తే ఆ రక్షణే టీకాను పనిచెయ్యనియ్యదు. తొమ్మిది నెలలు నిండే వరకు చానామందిల అది పోతది, అందరిల కాదు. 100 మందికి వేస్తే 85 మందికి పడ్తది. మిగిలిన 15 మంది ఎవరో మొఖం చూసి చెప్పలేం. అందుకే 16 నుంచి 24 నెలల మధ్యల అందరికీ ఇంకోటి. మొదటిసారి పట్టనోళ్లకు అది ఇంకో మోకా.

లెక్చరరు: అంటే మావాడికి రక్షణ ఉండే అవకాశం ఇప్పటికే ఎక్కువ. మా ఇల్లు శుభ్రంగా ఉంటుంది, వాడు తినే తిండికి లోటు లేదు. ఆ మాత్రం చాలదా?

ఏఎన్ఎం: మీ ఒక్క ఇంటి లెక్కయితే చాలనిపిస్తది. గల్లీ లెక్క వేరే. 100 మంది పిల్లల్ల 90 మందికి ఒక్క డోసు వేసినమనుకోండి. దాంట్ల పట్టేది 76, 77 మందికి. ఇంక 23 మంది ఖాళీ. తట్టు ఆగాలంటే 95 మందికి రక్షణ ఉండాలె. ఒక్క డోసుతోటి ఆ లెక్క ఎన్నటికీ కుదరదు సార్, 100కు 100 మందికి వేసినా కుదరదు.

ఈ 95 ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి. రక్షణ లేని జనంలో ఒక తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి జబ్బు అంటిస్తాడు. ఆ వరస ఒక్కరి దగ్గరే ఆగాలంటే వాళ్లలో దాదాపు అందరికీ ముందే రక్షణ ఉండాలి, ఆ లెక్కే నూటికి 95 దాకా పోతుంది. మనుషులకు తెలిసిన అంటురోగాల్లో ఇంత వేగం ఉన్నవి అరుదు. తుమ్మితే తుంపర పడ్డంత దూరమే పోయే రకం కాదిది, గాలిలో తేలుతుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలి అంటించగలదు. రక్షణ లేనివాళ్లు పది మంది రోగికి దగ్గరగా మసిలితే తొమ్మిది మందికి వస్తుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏసీ వేసి తలుపులు మూసిన కోచింగ్ హాళ్లు, ఒక గదిలో నాలుగైదు మంచాలున్న హాస్టళ్లు, పిల్లల డాక్టరు దగ్గర కిక్కిరిసిన వెయిటింగ్ రూములు తలుచుకుంటే ఈ అంకెలు కాగితం మీద ఆగవు. వినాయక చవితి రోజుల్లో చంటిపిల్లల్ని భుజాన వేసుకుని ఖైరతాబాద్ బడా గణేశుడి క్యూలో గంటలు నిలబడే తల్లులు నాకు ఎప్పుడూ గుర్తొస్తారు.

లెక్చరరు: నాకు తట్టు వచ్చినప్పుడు ఆరేళ్లు. అమ్మ గుమ్మానికి వేపమండ కట్టింది. బయటివాళ్లు లోపలికి రాకూడదు, ఇంట్లో పోపు వెయ్యకూడదు, నేను గది దాటకూడదు. మూడు నీళ్లు పోసేదాకా ఇదే వరస. మా అక్కకీ వచ్చింది, తమ్ముడికీ వచ్చింది. తగ్గింది. మళ్లీ జన్మలో రాలేదు. మీ రెండు సూదులూ ఇంత గట్టి రక్షణ ఇస్తాయా? ఆ వేపమండ కూడా ఉత్త మూఢనమ్మకం కాదమ్మా. ఈ ఇంట్లో జబ్బుంది, రావద్దని ఊరికి చెప్పడం అది. నల్లకుంటలో కోరంటి దవాఖాన కట్టకముందే మనవాళ్లకి రోగిని వేరుగా ఉంచడం తెలుసు.

ఏఎన్ఎం: వేపమండ తీసెయ్యమని నేను ఎవ్వరికీ చెప్పలే సార్. బల్కంపేట ఎల్లమ్మకు మా ఇంటి నుంచి కూడా బోనం పోతది. వేరుగ ఉంచుడు మంచిదే. కానీ మీ అమ్మగారు వేపమండ ఎప్పుడు కట్టిన్రు? ఒంటి మీద దద్దు కనబడ్డంక కద. దద్దు లేవకముందు నాలుగు రోజుల సంది ఆ పిల్లగాడు జబ్బు పంచుతనే ఉంటడు. అప్పుడు కనబడేది జెరం, దగ్గు, ముక్కు కారుడు. సర్ది అనుకుంటరు. అంగన్‌వాడీకి పోతడు, చుట్టాలింటికి పోతడు, బస్సెక్కుతడు. దద్దు లేచినంక ఇంకో నాలుగు రోజులు అంటుతది. మీరు గుమ్మానికి మండ కట్టే సరికి అది పక్కింట్లకు పోయి కూసుంటది. వాళ్ల ఇంట్ల దద్దు లేచేది ఇంకో రెండు వారాలకు. అప్పుడు వాళ్లు కడ్తరు మండ. ఇట్ల గల్లీ మొత్తం తిరుగుతది.

ఈ వాదన మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మన పెద్దల ఆచారంలో ఉన్న తెలివిని కాదనక్కర్లేదు. దాని చేతిలో లేనిది ఆ నాలుగు రోజులు. మశూచి రోగి దద్దు తేలేసరికి మంచం పట్టేవాడు, జబ్బు అంటించేది కూడా ముఖ్యంగా అప్పటినుంచే. అందుకే మశూచి విషయంలో వేరుగా ఉంచడం చాలా వరకు పనిచేసింది. తట్టు అలా కాదు. అది తన పేరు చెప్పకముందే వ్యాపిస్తుంది. గుమ్మానికి మండ కట్టే రోజుకన్నా ముందే బిడ్డ ఒంట్లో రక్షణ ఉండాలంటే టీకా తప్ప మరో దారి మనుషుల చేతికి ఇప్పటిదాకా దొరకలేదు.

ఒకసారి వస్తే మళ్లీ రాదన్న లెక్చరరు గారి మాటలో కూడా నిజం ఉంది. 1846లో అట్లాంటిక్ మహాసముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగితే, పీటర్ పానుమ్ అనే యువ డానిష్ డాక్టరు ఊరూరా తిరిగి రాసుకున్నాడు. సుమారు 7,800 మంది జనంలో 6,000 మందికి వచ్చింది. అంతకు ముందు అక్కడ తట్టు వచ్చింది 1781లో. అప్పుడు చిన్నపిల్లలుగా ఉండి తట్టు పడినవాళ్లకు 65 ఏళ్ల తర్వాత కూడా మళ్లీ రాలేదు. కాబట్టి ఒకసారి వచ్చిన తట్టు జీవితాంతం కాపలా కాస్తుంది, నిజమే. ఆ కాపలాకు ఎంత చెల్లించాలన్నదే ప్రశ్న. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించిన శాస్త్రవేత్తలు 2019లో ఫలితం ప్రకటించారు. ఇతర జబ్బుల మీద ఆ పిల్లలు అప్పటిదాకా కూడబెట్టుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా తట్టు తుడిచేసింది. తట్టు తగ్గిన పిల్లవాడు ఆ తర్వాత నెలల తరబడి నిమోనియాతోనో విరేచనాలతోనో పడుతుంటే, మనం దాన్ని తట్టు లెక్కలో వెయ్యం.

లెక్చరరు: అయితే ఇంకో మాట. దద్దు కనిపించేసరికే అంతా పాకిపోతుందన్నారు. మరి తట్టుని గుర్తుపట్టండి, గుర్తుపట్టండి అని ఈ ప్రచారం దేనికి?

ఏఎన్ఎం: ముందు ఆ బిడ్డ కోసం సార్. తట్టుకు నేరుగ మందు లేదు, కానీ తట్టు వెంబడి వచ్చేటివే ప్రాణం తీస్తయ్. నిమోనియా, విరేచనాలు. చెవుల చీము. 1,000 మందిల ఒక్కరికి మెదడు వాపు. విటమిన్ ఎ తక్కువున్న బిడ్డకు నల్లగుడ్డు మీద తెల్లగ పొర లేచి చూపు పోతది. దవాఖానకు తెస్తే ఆ రోజొకటి, మర్నాడొకటి విటమిన్ ఎ వేస్తరు. ఏడాది దాటినోళ్లకు ఒక్కోసారి 2 లక్షల యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకు లక్ష. అమ్మవారు పోసిందని ఇంట్లనే పెట్టుకుంటే అది పడదు. తిండి కూడ బంద్ చేస్తరు, నీళ్లు కూడ తక్కువ ఇస్తరు. అది మస్తు ఖరాబు చేస్తది.

లెక్చరరు: ఇంకా?

ఏఎన్ఎం: ఇంకోటి, పక్కనున్నోళ్ల కోసం. తట్టు ఉన్న బిడ్డ పక్కన మసిలిన పిల్లలకు మూడు రోజుల లోపల టీకా పడితే జబ్బును ఆపొచ్చు, లేకుంటే తేలికగ పోవచ్చు. మాకు మాట చెప్తే రక్తం తీసి ల్యాబ్‌కు పంపుతం, గల్లీ మొత్తం తిరిగి ఎవరెవరికి డోసు పడలేదో పట్టుకుంటం. మాకు తెలిసేది ఎట్ల? జెరం తోటి దద్దు లేచిందంటే అది తట్టు అని తేలేదాక ఆగొద్దు, ఆశమ్మకు చెప్పాలె. ఇప్పుడు నియమం గూడ అదే.

గుర్తుపట్టడం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో తికమక ఇక్కడే. మొదటి రెండు మూడు రోజులు తీవ్రమైన జ్వరం, పొడిదగ్గు, కారే ముక్కు, ఎర్రబడి నీరు కారే కళ్లు. పిల్లవాడు వెలుతురు చూడలేక మొహం తిప్పుకుంటాడు. అప్పుడు నోరు తెరిపించి బుగ్గల లోపలివైపు, దవడపళ్ల దగ్గర చూస్తే ఎర్రటి చర్మం మీద ఉప్పురవ్వ చల్లినట్టు సన్నని తెల్లచుక్కలు కనిపించవచ్చు. 1896లో హెన్రీ కాప్లిక్ అనే న్యూయార్క్ పిల్లల డాక్టరు వీటిని వివరించాడు. దద్దు లేవకముందే ఇది తట్టేనని ప్రత్యేకంగా పట్టిచ్చే గుర్తు అదొక్కటే. తర్వాత చెవుల వెనక, నుదుటి మీద జుట్టు మొదట్లో దద్దు మొదలై మొహం, మెడ, ఛాతీ, పొట్ట, చేతులు, కాళ్లు, ఇలా పైనుంచి కిందికి దిగుతుంది. దద్దు లేచినప్పుడు జ్వరం ఇంకా ఎక్కువవుతుంది. పుస్తకాల్లో ఎర్రటి దద్దు అని రాస్తారు గానీ, మన పిల్లల చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు అంతగా తెలియదు. చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. తగ్గేటప్పుడు గోధుమరంగు మచ్చలై పొట్టు రాలుతుంది.

ఆటలమ్మ వేరు. అందులో నీటిపొక్కులు లేస్తాయి, దురద పెడతాయి. తట్టులో పొక్కులుండవు. వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో జ్వరంతో దద్దు అనగానే డెంగీ అనుకుంటారు. డెంగీలో ఒళ్లునొప్పులు ఎక్కువ, దగ్గూ ముక్కు కారడమూ ఎర్రకళ్లూ సాధారణంగా కలిసి రావు. ఇంట్లో ఇంత తేడా తెలిస్తే చాలు, మిగతాది డాక్టరు చూస్తాడు. ఊపిరి వేగంగా తీస్తున్నా, ఏమీ తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, నల్లగుడ్డు మసకబారినా అది ఇంట్లో ఉంచాల్సిన తట్టు కాదు. నీలోఫర్‌కు గానీ దగ్గర్లోని ఏ పెద్దాసుపత్రికి గానీ ఆ గంటలోనే తీసుకెళ్లాలి. వెళ్లేముందు ఫోన్ చేసి తట్టేమోనని చెబితే బిడ్డను వెయిటింగ్ హాల్లో అందరి మధ్యా కూర్చోబెట్టకుండా వేరుగా తీసుకుంటారు. ఈ చిన్న పని మనలో దాదాపు ఎవరమూ చెయ్యం.

లెక్చరరు: మీరే దారి చూపించారు. తట్టు చంపేది తిండి లేని పిల్లల్ని. ఇంగ్లండులో టీకా రాకముందే తట్టు చావులు బాగా పడిపోయాయి. తిండి మెరుగైంది, ఇళ్లు మెరుగయ్యాయి. మక్తాలో ఆ ఇరుకు గదులు అలాగే ఉంచి, నల్లా నీళ్లు అలాగే ఉంచి, సూది పొడిచి వెళ్లిపోతే సరిపోతుందా? సర్కారుకి సూది సులువు. పది మందికి గుడ్డు పెట్టడం కష్టం.

నిజానికి ఆయన వాదనల్లో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దీని మీదే. ఈ మాటకు రుజువు కూడా మన ఊళ్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో వినోదినీ రెడ్డి, పి. భాస్కరం, వారి సహచరులు తట్టు వచ్చిన పిల్లలను వెంటాడి పరిశీలించి, తట్టు, పోషకాహార లోపం, అంధత్వం ఒకదాన్నొకటి ఎలా లాక్కొస్తాయో 1986లో ప్రచురించారు. అంతకుముందే అదే సంస్థలో జరిగిన పనే దేశంలో పిల్లలకు పెద్ద మోతాదు విటమిన్ ఎ చుక్కలు వేసే కార్యక్రమానికి పునాది. 1970లో మొదలైన ఆ కార్యక్రమం వల్లే ఈ రోజు తొమ్మిదో నెలలో ఎంఆర్ టీకాతో పాటు అరచెంచా విటమిన్ ఎ పడుతోంది. తిండీ టీకా పరస్పరం పోటీ పడేవి కావని ఇక్కడి శాస్త్రవేత్తలకు ఎప్పుడో తెలుసు.

అయితే తిండి ఒక్కటే చాలదనడానికి కూడా లెక్క ఉంది. 1963కు ముందు అమెరికాలో పాలూ గుడ్లూ నిండుగా తిని పెరిగిన పిల్లల్లో, పదిహేనేళ్లు వచ్చేలోపు దాదాపు అందరికీ తట్టు వచ్చేది. ఏటా 30, 40 లక్షల కేసులు. 48,000 మంది ఆసుపత్రి పాలయ్యేవాళ్లు, 400 నుంచి 500 మంది చనిపోయేవాళ్లు, సుమారు 1,000 మందికి మెదడు వాపు. తిండి చావుల్ని తగ్గించింది, జబ్బును ఆపలేదు. 1963లో టీకా వచ్చాకే అంకెలు కూలిపోయాయి.

ఏఎన్ఎం: గుడ్డు కోసం మీరు కొట్లాడండి సార్, నేనూ వస్త. కానీ గుడ్డు వచ్చేదాక ఆ బిడ్డను వైరసుకు ఎదురుగ నిలబెట్టలేను కద. ఇల్లు కట్టనీకె ఏండ్లు పడ్తది. సూది ఈ బుధవారమే వెయ్యొచ్చు.

లెక్చరరు: సరే. అసలు సంగతి చెబుతాను. నాకు టీకా మీద కన్నా మీ వ్యవస్థ మీద అనుమానం. పసిఫిక్ సముద్రంలో సమోవా అని చిన్న దేశం. 2018లో ఇద్దరు చంటిపిల్లలు తట్టు టీకా వేసిన నిమిషాల్లో చచ్చిపోయారు. నర్సులు టీకా పొడిలో నీళ్లకి బదులు వేరే మందు కలిపారు. మీరు కలిపేదీ అలాంటి పొడే కదా?

ఏఎన్ఎం: అవును సార్, పొడే. దానితోటి వచ్చిన నీళ్లే కలపాలె, వేరేది కలపొద్దు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంల ఉండాలె. కలిపినంక నాలుగు గంటలే, మిగిలింది పారెయ్యాలె. సీసా మీద కలిపిన టైము రాస్తం. మీరు అడగండి, చూపిస్త. ప్రతి తల్లి అడగాలె. వేసినంక అర్ధ గంట కూసోబెడ్తం.

సమోవా కథలో లెక్చరరు గారు చెప్పింది సగం. ఆ ఇద్దరు పిల్లల మరణం తర్వాత ప్రభుత్వం టీకాలు నెలల తరబడి ఆపేసింది. జనం నమ్మకం పోయింది. టీకా పడిన పిల్లలు మూడింట ఒక వంతుకు పడిపోయారు. 2019 చివర్లో తట్టు అక్కడికి చేరింది. రెండు లక్షల మంది దేశంలో 5,700 మందికి పైగా జబ్బు పడ్డారు, 83 మంది చనిపోయారు, ఎక్కువమంది పసిపిల్లలు. నర్సుల తప్పు క్షమించరానిదే. ఆ తప్పు తీసుకున్న ప్రాణాలు రెండు. ఆ తప్పు పుట్టించిన భయం వల్ల తట్టు తీసుకున్న ప్రాణాలు 83. టీకా వేసే చెయ్యి ఎందుకు అంత జాగ్రత్తగా ఉండాలో, తప్పు జరిగితే ఎందుకు దాచకుండా చెప్పాలో ఆ దేశం చూపించింది.

లెక్చరరు: వ్యవస్థ అంటే ఇంకో ఉదాహరణ చెబుతాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి పాపని తీసుకుని ఒక కేంద్రానికి వెళ్లింది. ఇంకా పిల్లలు రాలేదు, సీసా విప్పితే వృథా అవుతుంది, శనివారం రమ్మన్నారట. శనివారం ఆమెకి పని. రోజు కూలి పోతుంది. మళ్లీ వెళ్లలేదు. ఈమె టీకా వద్దన్నదా? మీరే వద్దన్నారు.

ఏఎన్ఎం: అది తప్పే సార్. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నదే నియమం. మందు వృథా అయితే లెక్క రాసుకోవచ్చు, బిడ్డ వాపసు పోతే రాసుకునే గడి మా రిజిస్టర్ల లేదు. జర సర్ది ఉన్నదని కూడ కొందరు వాపసు పంపుతరు, అది కూడ తప్పే. చిన్న దగ్గు, ముక్కు కారుడు ఉన్నా వెయ్యొచ్చు.

లెక్చరరు: 2017లో మీరంతా బడుల్లోకి వచ్చి తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల దాకా అందరికీ వేశారు. అంతకుముందు వేసుకున్నవాళ్లకీ వేశారు. అప్పుడు మా ఫోన్ల నిండా భయపెట్టే మెసేజీలే. ఆటిజం వస్తుందని, పిల్లలు పుట్టరని.

ఏఎన్ఎం: ఆ మెసేజులతోటి మేము పడ్డ గోస మాకే తెలుసు సార్. కొన్ని బళ్లల్ల తల్లిదండ్రులు పిల్లల్ని ఆ రోజు పంపనే లేదు.

ఆటిజం పుకారు 1998లో లండన్‌లో పుట్టింది. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు కేవలం 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం అది. అందులోని విషయాలు నిలబడవని తేలాక లాన్సెట్ పత్రిక 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన డాక్టరుగా పనిచేసే హక్కు కోల్పోయాడు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో వెలువరించిన అధ్యయనంలో తట్టు టీకా వేయించుకున్నవాళ్లకూ వేయించుకోనివాళ్లకూ ఆటిజంలో తేడా కనిపించలేదు. టీకా వేసిన వారం పది రోజులకు కొందరు పిల్లలకు జ్వరం రావడం, కొద్దిమందికి సన్నని దద్దు రావడం నిజం. అరుదుగా ఆ జ్వరంతో ఫిట్స్ రావడమూ నిజం. ఈ సంగతి తల్లికి ముందే చెప్పకపోతే, వచ్చిన రోజున ఆమె వాట్సాప్ మాటే నమ్ముతుంది. ఆమెను తప్పుపట్టడానికి మనకు నోరుండదు.

ఇక 2017 ఆగస్టులో తెలంగాణలో బడుల దాకా వెళ్లి వేసిన కారణం దాచేదేమీ కాదు. తట్టు టీకా దేశంలో సార్వత్రిక కార్యక్రమంలోకి 1985లో వచ్చినా, రెండో డోసు 2010 దాకా లేదు. ఆ మధ్య పెరిగిన పిల్లల్లో ఖాళీలు మిగిలిపోయాయి. పైగా కొత్తగా రుబెల్లా టీకా కలిపారు. గర్భిణికి రుబెల్లా సోకితే పుట్టబోయే బిడ్డకు గుండె, కళ్లు, చెవులు దెబ్బతింటాయి. ఖాళీలు మిగిలితే ఏమవుతుందో 2022 చివర్లో ముంబై గోవండిలో చూశాం. కోవిడ్ కాలంలో డోసులు తప్పిన బస్తీల్లో తట్టు పిల్లల ప్రాణాలు తీసింది. అప్పుడు కేంద్రం వ్యాప్తి ఉన్న చోట్ల తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు అదనంగా ఒక డోసు వెయ్యమని చెప్పాల్సి వచ్చింది. 2026 కల్లా దేశంలో తట్టు, రుబెల్లా లేకుండా చెయ్యాలని 2025 ఏప్రిల్ 24న మళ్లీ ప్రచారం మొదలుపెట్టారు. భూటాన్, మాల్దీవులు తట్టు విషయంలో ఆ పని 2017లోనే చేశాయి.

లెక్చరరు: చెయ్యండి. కాని బడిలో చేర్చుకోవాలంటే టీకా కార్డు తెమ్మనడం, రేషన్ ఆపుతామని బెదిరించడం, ఇవి నాకు నచ్చవు. నమ్మించి వెయ్యాలి.

ఏఎన్ఎం: బెదిరిస్తే నాకే నష్టం సార్. ఇంకోసారి పోతే తలుపు తియ్యరు. కానీ ఒక్క మాట. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు నేను ఏం చెయ్యలేను. కాన్సరుకు మందులు వాడే పిల్లలకు కూడ ఈ టీకా వెయ్యొద్దు, గర్భిణీలకు వెయ్యొద్దు. వాళ్లందరి రక్షణ వేరేటోళ్ల చేతుల ఉన్నది. మీ మనవడి రెండో డోసు మీ మనవడి ఒక్కని కోసమే కాదు.

లెక్చరరు గారు అప్పుడు చెప్పారు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఏడు నెలల పాపని తీసుకుని వచ్చే నెల వస్తోంది.

ఏఎన్ఎం: అయితే ఈ రోజే ఫోన్ చెయ్యండి సార్. అక్కడ మామూలుగ ఏడాది నిండినంకనే వేస్తరు. కానీ వేరే దేశం పోయేటప్పుడు ఆరు నెలలు నిండిన బిడ్డకు ముందుగ ఒకటి వేస్తరు. దాన్ని లెక్కల పట్టరు, ఏడాది దాటినంక రెండు మళ్లీ వెయ్యాలె. బయలుదేరేటందుకు రెండు వారాల ముందే పడితే మంచిది.

లెక్చరరు: అమెరికాలో తట్టు లేదు కదా?

2000లో అమెరికా తట్టును తుడిచేశామని ప్రకటించిన మాట నిజం. కానీ 2025లో డల్లాస్ ఉన్న టెక్సాస్‌లోనే, పశ్చిమాన గెయిన్స్ కౌంటీ నుంచి మొదలై 762 మందికి పాకింది. టీకా పడని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. ఎండాకాలం సెలవులకు డల్లాస్ నుంచి శంషాబాద్‌కు, అమ్మమ్మల నాయనమ్మల ప్రయాణాలు శంషాబాద్ నుంచి డల్లాస్‌కు. ఈ రాకపోకల్లో తట్టు ఎటువైపు నుంచైనా విమానం ఎక్కగలదు. మన కుటుంబాల్లో వీసా తేదీల గురించి, పచ్చళ్ల బరువు గురించి జరిగినంత చర్చ చంటిబిడ్డ టీకా గురించి జరగదు.

లెక్చరరు: బుధవారం వాణ్ణి తీసుకొస్తాను. బలవంతం విషయంలో మాత్రం మీతో ఏకీభవించను.

ఏఎన్ఎం: ఏకీభవించకండి సార్. ఇంకో పని చెయ్యండి. మీ బిల్డింగు వాచ్‌మన్ పాలమూరు నుంచి వచ్చిండు. బిడ్డకు రెండేండ్లు. కార్డు ఊర్లనే ఉండిపోయిందంట, ఏ డోసు పడ్డదో వాళ్లకే యాదికి లేదు. కార్డు లేకుంటే పడనట్టే అనుకొని వేస్తం, ఎక్కువైనా నష్టం లేదు. ఐదేండ్ల లోపు ఎప్పుడైనా వెయ్యొచ్చు. ఆ అమ్మ పొద్దున నాలుగిండ్లల్ల పనికి పోతది, నేను వచ్చినప్పుడు ఇంట్ల ఉండదు.

లెక్చరరు: మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. మా సెల్లార్లో నీడ ఉంది, కుర్చీలు వేయిస్తాను. ఈ వీధిలో ఇళ్ల పనికి వచ్చేవాళ్లందరికీ చెబుతాను. మీ బాక్సు తీసుకుని మధ్యాహ్నం ఇక్కడికే రాగలరా?

ఏఎన్ఎం: మా మెడికల్ ఆఫీసరు మేడమ్‌ను అడగాలె సార్. ఎంతమంది పిల్లలున్నరో పేర్లు, వయసులు రాసియ్యండి. లిస్టు ఉంటే ఒప్పుకుంటది. రెండింటికి సీసా విప్పితే ఆరింటి వరకు పనికొస్తది. ఆలస్యంగ వచ్చినోళ్లకు కూడ అందుతది.

లెక్చరరు: రేపు సాయంత్రానికి రాసిస్తాను. అవతలి రెండు బిల్డింగుల వాచ్‌మన్లని కూడా అడుగుతాను.